ఫ్రీలాన్స్ పని ఎలా వెతుక్కోవాలి, ఏ దారిలో వచ్చిన పని తృప్తినిస్తుంది: మొదటి నుంచి చివరిదాకా

ఫ్రీలాన్సింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, పని ఎక్కడ దొరుకుతుందండీ అని. నేనూ అదే అడిగా అప్పట్లో. వెబ్‌సైట్లు చేసే పనిలో ఏడేళ్లు గడిచాక, ఇప్పుడు నన్ను అడిగేవాళ్లకి ఇంకో ప్రశ్న కూడా కలిపి ఇస్తున్నా: అలా దొరికిన పని చేస్తున్నన్ని రోజులూ మీకు ఎలా ఉంది? ఎందుకంటే అదే వెబ్‌సైట్, అదే గంటలు, ఒక దారిలో వచ్చిన క్లయింట్‌తో అయితే రాత్రి హాయిగా నిద్రపడుతుంది, ఇంకో దారిలో వచ్చినవాళ్లతో అయితే మెసేజ్ చప్పుడు వింటేనే గుండె దడదడలాడుతుంది.

నేను గమనించింది ముందే చెప్పేస్తా. క్లయింట్ మన దగ్గరికి వచ్చేసరికి మన గురించి ఎంత తెలుసుకుని వస్తే పని అంత సాఫీగా సాగుతుంది, డబ్బుల దగ్గర బేరం అంత తగ్గుతుంది. కాబట్టి పాత క్లయింట్లు, వాళ్లు పంపినవాళ్లు అన్నిటికన్నా పైన. కానీ మొదటిరోజే పాత క్లయింట్లు ఎవరికీ ఉండరు కదా, అందుకే ఒక వరస ఉంది. ఆ వరసలోనే రాస్తున్నా.

మొదటి స్టెప్: ఒక షీట్ తెరవండి

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్ అయినా చేతిరాత నోట్‌బుక్ అయినా పర్లేదు. ఇప్పటిదాకా చేసిన పనులు ఒక్కో లైనులో రాయండి, కొత్తవాళ్లయితే ఇక నుంచి వచ్చేవి. కాలమ్స్ ఇవి: ఎక్కడి నుంచి వచ్చింది, వెతకడానికి మాట్లాడటానికి పట్టిన గంటలు, పని చేసిన గంటలు, కమిషన్ పోగా చేతికొచ్చిన డబ్బు, అది ఎన్నో రోజుకి వచ్చింది, చివరగా ఐదుకి ఒక మార్కు.

వెతకడానికి పట్టిన గంటలు అన్న కాలమ్‌ని చాలామంది వదిలేస్తారు, అసలు రహస్యమంతా అక్కడే ఉంది. ఒక లెక్క చూడండి. ప్లాట్‌ఫామ్‌లో, అంటే క్లయింట్లనీ ఫ్రీలాన్సర్లనీ కలిపే అప్‌వర్క్ లాంటి సైటులో, ఒక పని వెయ్యికి ఒప్పుకున్నారు, అది ఏ కరెన్సీ అయినా సరే. పది శాతం కమిషన్ పోగా 900. పనికి 20 గంటలు పట్టింది, కానీ ఆ ఒక్క పని దొరకడానికి ప్రపోజల్స్ (ఈ పని నాకివ్వండి, ఇలా చేస్తా అని క్లయింట్‌కి పెట్టే దరఖాస్తులు) రాసి, టెస్టులు ఇచ్చి, ఇంటర్వ్యూలు మాట్లాడి ఇంకో 10 గంటలు పోయాయి. మొత్తం 30 గంటలకి 900, అంటే గంటకి 30. అదే పనికి ఒక పాత క్లయింట్ 800 ఇచ్చాడు, అరగంట ఫోన్‌లో అంతా తేలిపోయింది. ఇరవైన్నర గంటలకి 800, అంటే గంటకి 39. పైకి తక్కువగా కనిపించిన పనే ఎక్కువ ఇచ్చింది. నేను ఈ లెక్క మొదటిసారి నా సొంత పనులకి వేసుకున్న రోజు చాలాసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నా, ఎందుకంటే రెండేళ్లుగా నేను తక్కువ ఇస్తాడని పక్కన పెడుతూ వచ్చిన క్లయింటే ఆ లిస్టులో పైన ఉన్నాడు.

ఇక ఐదుకి మార్కు ఎలా వెయ్యాలి అంటే, ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు మనిషికి పనిలో మూడు కావాలి అని చెప్పారు: తన ఇష్టప్రకారం చేసే స్వేచ్ఛ, నాకు ఇది వచ్చు అనే నమ్మకం, మనుషులతో అనుబంధం. నేను వీటినే మూడు ప్రశ్నలుగా మార్చుకున్నా. ఎలా చెయ్యాలో నన్ను నిర్ణయించనిచ్చారా? నాకు బాగా వచ్చిన పనే చేశానా? వీళ్ల నుంచి రేపు మళ్లీ మెసేజ్ వస్తే సంతోషిస్తానా? మూడోదానికి వెంటనే వచ్చిన జవాబే నిజం, దాన్ని ఎక్కువ ఆలోచించి మార్చకండి.

రెండో స్టెప్: ఒక్క వాక్యం, మూడు శాంపిల్స్

ఎవరికి ఏం చేసి పెడతారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "నేను గ్రాఫిక్ డిజైనర్‌ని" అంటే వినేవాళ్లకి ఏదీ గుర్తుండదు. "పుస్తకాలు వేసేవాళ్లకి కవర్, లోపలి పేజీలు రెండూ ప్రింటుకి రెడీ చేసి ఇస్తా" అంటే ఆర్నెల్ల తర్వాత కూడా ఎవరో పుస్తకం మాట ఎత్తితే మీరు గుర్తొస్తారు.

శాంపిల్స్ మూడు చాలు, ముప్పై వద్దు. డిజైన్ అయితే బిహాన్స్ సైటు, కోడ్ అయితే గిట్‌హబ్ సైటు, రాతపని అయితే ఎవరికైనా లింకు పంపగలిగే ఒక పేజీ. క్లయింట్లే లేకపోతే మీకు మీరే ఒక పని ఇచ్చుకుని చెయ్యండి, కానీ అది సొంతంగా చేసుకున్న ప్రాక్టీస్ అని అక్కడే రాయండి, లేని క్లయింట్‌ని ఉన్నట్టు చూపించొద్దు. ప్రతి శాంపిల్ కింద సమస్య ఏంటి, మీరేం చేశారు, ఏం మారింది అని మూడు నాలుగు లైన్లు ఉండాలి. బొమ్మ చూసి మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు గానీ డబ్బిచ్చేవాళ్లు చదివేది ఆ నాలుగు లైన్లే.

మూడో స్టెప్: తెలిసినవాళ్లకి చెప్పండి, ముఖ్యంగా కొంచెమే తెలిసినవాళ్లకి

దీన్ని చాలామంది సిగ్గుపడి దాటేస్తారు. నేను ఎక్కువ రాసేది దీని గురించీ, తర్వాత వచ్చే పాత క్లయింట్ల గురించే.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1973లో ఒక పేపర్ వేశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లని పట్టుకుని, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవాళ్లు అని అడిగాడు. తరచూ కలిసేవాళ్లం అన్నది నూటికి 17 మంది లోపే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 56 మంది దాకా, చాలా అరుదుగా అన్నవాళ్లు 28 మంది దాకా. చిన్న సర్వేనే అది, కానీ కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంటుంది: మన దగ్గరి స్నేహితులకి తెలిసిన కబుర్లు మనకీ తెలుసు, ఎప్పుడో కలిసే మనిషి వేరే లోకంలో తిరుగుతుంటాడు. 2022లో లింక్డిన్‌లో సుమారు రెండు కోట్లమంది మీద ఐదేళ్లపాటు చేసిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి, అందులోనూ ఉద్యోగం మారడానికి మరీ దగ్గరివాళ్లకన్నా ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ పనికొచ్చారని తేలింది. ఇవి ఉద్యోగాల లెక్కలే అయినా, ఫ్రీలాన్స్‌లో నాకు వచ్చిన పెద్ద పనులన్నీ ఇలాగే వచ్చాయి కాబట్టి నేను గట్టిగా నమ్ముతా.

ఏం చెయ్యాలంటే, పాత ఆఫీసు, కాలేజీ, ఏదో ట్రైనింగ్‌లో పక్కన కూర్చున్నవాళ్లు, ఇలా ఒక నలభై పేర్లు రాసుకోండి. రోజుకి ముగ్గురికి మెసేజ్ పెట్టండి, ఎవరికి వాళ్లకి విడిగా. గ్రూపులో ఒకే మెసేజ్ పడేస్తే అది ఎవరికీ చెప్పనట్టే లెక్క. "ఏదైనా పని ఉంటే చెప్పు" అని కూడా పెట్టొద్దు, దానికి "తప్పకుండా" అనే జవాబు తప్ప ఏమీ రాదు. ఇలా పెట్టండి:

"బాగున్నారా అండీ, మనం ఆ ఇన్వెంటరీ ప్రాజెక్టులో కలిసి పనిచేశాం. ఇప్పుడు నేను సొంతంగా చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేస్తున్నా, ముఖ్యంగా పాతబడిపోయి ఫోన్‌లో సరిగ్గా తెరుచుకోని వాటిని బాగుచేస్తా. ఈ మధ్య మా సైటు ఫోన్‌లో సరిగ్గా రావట్లేదు అని ఎవరైనా అన్నారా మీతో? అంటే నా నంబర్ ఇవ్వండి, చూసి ఏం లోపమో ఉచితంగా చెప్తా."

చూశారా, వాళ్లని మీరు పని అడగలేదు, ఫలానా మాట అన్న మనిషి గుర్తున్నారా అని అడిగారు. జ్ఞాపకం తట్టి లేపే ప్రశ్న అది.

నాలుగో స్టెప్: ప్లాట్‌ఫామ్‌లు, కళ్లు తెరిచి

ఎలాన్స్ 1999లో వచ్చింది, ఓడెస్క్ 2003లో, ఆ రెండూ కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అని పేరు మారింది. ఫైవర్ 2010లో వచ్చింది. ఈ రెండిటికీ పద్ధతి వేరు. అప్‌వర్క్‌లో ఎక్కువగా క్లయింట్ పని పెడితే మనం వెళ్లి ప్రపోజల్ వెయ్యాలి, దానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి. ఫైవర్‌లో మనం చేసేదాన్ని గిగ్ అని ఒక ధరతో పెట్టి కూర్చుంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. రోజూ పదిమందికి రాయగల ఓపిక ఉంటే మొదటిది, ప్యాకెట్‌లా కట్టి ఒకే రకంగా అమ్మగలిగే పని అయితే రెండోది.

కమిషన్ మారుతూ ఉంటుంది, అది గుర్తుంచుకోండి. అప్‌వర్క్ 2016లో ఒక్కో క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, ఆ పైన పదివేల దాకా 10, తర్వాత 5 శాతం తీసుకునేది. 2023 మేలో అందరికీ 10 చేసింది. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకి 0 నుంచి 15 శాతం మధ్యలో ఎంతైనా ఉండొచ్చు అంది. ఫైవర్ అయితే మన దగ్గర 20 శాతం పట్టుకుంటుంది. కాబట్టి రేటు చెప్పేముందు కమిషన్ పోగా ఎంత మిగులుతుందో చూసుకుని చెప్పండి, ఒప్పుకున్నాక బాధపడి లాభం లేదు.

ఇక ప్రపోజల్. క్లయింట్‌కి లిస్టులో కనిపించేవి మొదటి రెండు లైన్లే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ రెండు లైన్లలో "గౌరవనీయులైన సార్, నాకు ఐదేళ్ల అనుభవం ఉంది, నేను కష్టపడి పనిచేస్తాను" అని రాస్తే మిగిలిన నలభైమంది రాసిందే మీరూ రాసినట్టు. దాని బదులు: "మీ సైటు తెరిచి చూశా, ఆర్డర్ పేజీలో ఫోన్ నంబర్ కొట్టేచోట కీబోర్డు అడ్డం వచ్చి బటన్ కనపడట్లేదు. రెండు గంటల పని అది, ఎలా సరిచేస్తానో కింద రాశా." ఇలా రాయాలంటే ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అందుకే రోజుకి ఇరవై వెయ్యకుండా మూడే వెయ్యండి.

ఎవరికి వెయ్యకూడదో కూడా తెలియాలి. పేమెంట్ వెరిఫై కాని అకౌంట్, "సులభమైన పని, తెలిసినవాళ్లకి పది నిమిషాలే" అని రాసిన పోస్టు, గతంలో ఇచ్చిన రివ్యూలన్నీ తిట్లే ఉన్న క్లయింట్, ఇవి వదిలేయండి. పని మొదలుపెట్టేముందే బయట టెలిగ్రామ్‌లోకి రమ్మన్నా, రిజిస్ట్రేషన్ అనో డిపాజిట్ అనో మన దగ్గరే డబ్బు అడిగినా అది మోసం, ఇంకో ఆలోచన వద్దు. ఫిక్స్‌డ్ ధర పని అయితే డబ్బు ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా ప్లాట్‌ఫామ్ పట్టి ఉంచే ఖాతాలో, పడ్డాకే మొదలుపెట్టండి. అసలు ప్లాట్‌ఫామ్‌కి మనం కమిషన్ కట్టేదే ఆ భద్రత కోసం.

ఇక తృప్తి మాటకొస్తే, నిజం చెప్తా, నా షీట్‌లో అన్నిటికన్నా తక్కువ మార్కులు ఇక్కడి పనులకే. మనుషులు చెడ్డవాళ్లని కాదు. మన పక్కనే ఇంకో నలభైమంది రేట్లు వరుసగా కనిపిస్తుంటే క్లయింట్ కళ్లకి మనం ఒక అంకెలా కనిపిస్తాం, పైగా ఒక్క చెడ్డ రివ్యూ వస్తే తర్వాతి పనులు పోతాయన్న భయంతో ఒప్పుకోని మార్పులు కూడా ఊరికే చేసి పెడతాం. స్వేచ్ఛ అక్కడే పోతుంది. అయినా మొదటి ఐదారు పనులకి ఇది మంచి చోటే, ఎందుకంటే మన పేరు ఎవరికీ తెలియనప్పుడు కూడా డబ్బు చేతికొస్తుందన్న భరోసా ఉంటుంది. ఒక్క నియమం గమనించండి: అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింట్‌తో రెండేళ్లదాకా పేమెంట్ అక్కడి నుంచే జరగాలి, బయటికి తీసుకెళ్లాలంటే వాళ్లకి ఫీజు కట్టాలి. దొంగచాటుగా చేస్తే అకౌంట్ పోతుంది.

ఐదో స్టెప్: నేరుగా రాయడం

ఎవరూ పోస్టు పెట్టకముందే మనమే వెళ్లి అడగడం. వెయ్యిమంది ఈమెయిల్ లిస్టు కొని ఒకేసారి కొట్టడం మాత్రం కాదు, అది చాలా దేశాల్లో చట్టంతో కూడా చిక్కు. ఇరవైమందిని ఎంచుకోండి, ఒక్కొక్కరి పని అరగంట చూడండి, నిజంగా కనిపించిన ఒక లోపమో అవకాశమో పట్టుకుని ఆరు లైన్ల మెయిల్ రాయండి. వారం తర్వాత ఒకసారి గుర్తుచెయ్యండి, ఇంకో పదిరోజులకి చివరిసారి, అంతే, ఆపెయ్యండి.

ఎక్కువ మెయిల్స్‌కి జవాబు రాదు. ఆ మౌనం మనసుని కుంగదీస్తుంది, అందుకే వారంలో ఒకే ఒక్క పూట పెట్టుకోండి దీనికి, రోజూ వద్దు. కానీ ఇలా దొరికిన క్లయింట్ మీద నా మార్కులు మాత్రం ఎక్కువే, ఎందుకంటే నాకు ఎవరితో చెయ్యాలనుందో నేనే ఎంచుకున్నా, పోటీకి ఇంకెవరూ లేరు కాబట్టి రేటు కూడా ప్రశాంతంగా చెప్పా.

ఆరో స్టెప్: ఏజెన్సీలు, తోటి ఫ్రీలాన్సర్లు

ఏజెన్సీలంటే క్లయింట్ల దగ్గర పని తీసుకుని మనలాంటివాళ్లతో చేయించే సంస్థలు. మనలాంటి పనే చేసేవాళ్లని పోటీగా చూడకండి. చేతినిండా పని ఉన్నవాళ్లు వద్దన్న పని ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, అది మీ దగ్గరికి రావచ్చు. మీ పనికి ఆనుకుని ఉండే పని చేసేవాళ్లయితే ఇంకా మంచిది, రాసేవాళ్లకి డిజైనర్, డిజైనర్‌కి కోడ్ రాసేవాళ్లు.

ఇందులో వెతుకులాట తక్కువ, బేరాలు తక్కువ, కానీ రెండు విషయాలు ముందే రాతలో పెట్టుకోండి. ఒకటి, చేసిన పనిని నా శాంపిల్‌గా చూపించొచ్చా లేదా. రెండు, డబ్బు తేదీ. ఒక ఏజెన్సీకి నేను మూడు వారాలు పనిచేసి ఇన్వాయిస్ (బిల్లు) పంపితే, మా క్లయింట్ మాకింకా ఇవ్వలేదు, వాళ్లిచ్చాక మీకిస్తాం అన్నారు. ఐదు నెలలు పట్టింది. వాళ్లకీ వాళ్ల క్లయింట్‌కీ మధ్య ఏం జరుగుతుందో నా చేతిలో లేదు, అయినా నష్టం మోసింది నేనే. అప్పటి నుంచి "ఇన్వాయిస్ ఇచ్చిన పదిహేను రోజుల్లో చెల్లించాలి, మీకు మీ క్లయింట్ చెల్లించినా చెల్లించకపోయినా" అనే వాక్యం లేకుండా ఒక్క పని కూడా మొదలుపెట్టలేదు.

ఏడో స్టెప్: పాత క్లయింట్లు, వాళ్లు పంపేవాళ్లు

నా షీట్‌లో నాలుగుకి తగ్గిన మార్కు లేనిది ఇదొక్కటే. ఒక స్నేహితురాలు అనువాదాలు చేస్తుంది, తనకీ ఇదే షీట్ పెట్టించా, తనకీ ఇదే వచ్చింది. కారణం తెలిసిందే, పాత క్లయింట్‌కి మన అలవాట్లు తెలుసు, మనకి వాళ్ల ఇష్టాలు తెలుసు, వాళ్లు పంపిన కొత్త మనిషి సగం నమ్మకంతోనే వస్తాడు. పైగా "ఎంత తీసుకుంటారో ఆయన చెప్పారులెండి" అంటూ రేటు సంగతి కూడా తెలుసుకునే వస్తాడు.

కానీ ఇది దానంతటదే జరగదు, అడగాలి. ఎప్పుడు అడగాలి అంటే, పని అప్పజెప్పాక వాళ్లు "చాలా బాగా వచ్చిందండీ" అన్న ఆ గంటలోనే. నెల తర్వాత అడిగితే ఆ వేడి చల్లారిపోతుంది. నేను పెట్టే మెసేజ్ ఇది: "మీకు నచ్చినందుకు చాలా సంతోషం. మీరు ఇప్పుడన్న మాటే రెండు లైన్లు రాసి పంపుతారా, నా పేజీలో మీ అనుమతితో పెట్టుకుంటా. ఇంకోటి, మీలాగే సైటు మార్చాలని చూస్తున్నవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఒక్కరున్నా మా ఇద్దర్నీ కలుపుతూ ఒక మెయిల్ పెట్టండి చాలు, మిగతాది నేను మాట్లాడుకుంటా." ఒక్కరు అని అడగడం ముఖ్యం, ఎవరైనా అంటే ఎవరూ గుర్తురారు.

తర్వాత, మూడు నెలలకోసారి ప్రతి పాత క్లయింట్‌కీ ఏదో ఒకటి పనికొచ్చేది పంపండి. నేనైతే వాళ్ల సైటు తెరిచి ఐదు నిమిషాలు తిరిగి, తెగిపోయిన లింకు కనిపిస్తే "ఈ పేజీ తెరుచుకోవట్లేదు, చూసుకోండి" అని చెప్తా, బిల్లు వెయ్యను. వాటిలో కొన్నిటికి "మీరే చేసేయండి, ఇంకా నాలుగు పనులున్నాయి" అనే జవాబు వస్తుంది. అలా రెండు మూడుసార్లు అయ్యాక నెలవారీ ఒప్పందం మాట ఎత్తండి: నెలకి ఇన్ని గంటలు మీకోసం ఉంచుతా, ఇంత ఇవ్వండి, నెల మొదట్లోనే. ఆ ఒక్క ఒప్పందంతో వచ్చే నెల ఎలా అన్న బెంగ సగం పోతుంది.

దీనికీ ఒక ప్రమాదం ఉంది. ఒకే క్లయింట్ మీద సంపాదనంతా ఆనుకుంటే వాళ్లు ఆపిన రోజు మొత్తం ఆగిపోతుంది. ఎవరి వాటా అయినా మూడోవంతు దాటుతుంటే మూడో స్టెప్, ఐదో స్టెప్ మళ్లీ మొదలుపెట్టాల్సిన టైం వచ్చిందని నేను అనుకుంటా.

ఎనిమిదో స్టెప్: నలుగురికీ కనిపించేలా రాయడం

లింక్డిన్‌లోనో మీ సొంత పేజీలోనో వారానికి ఒక్క పోస్టు, ఈ వారం చేసిన పనిలో ఒక చిక్కు, దాన్ని ఎలా విప్పానో. నెమ్మదిగా పనిచేస్తుంది, ఆర్నెల్లు ఏమీ రాకపోవచ్చు. కానీ అది చదివి వచ్చేవాళ్లు మన పద్ధతి తెలుసుకునే వస్తారు. రాయడం ఇష్టం లేకపోతే వదిలెయ్యండి, బలవంతంగా రాసినది చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

తొమ్మిదో స్టెప్: మూడు నెలలకోసారి గంటలు మార్చండి

మొదట్లో వెతకడానికి వారానికి పది గంటలు అనుకుంటే ఆరు ప్లాట్‌ఫామ్‌కి, మూడు తెలిసినవాళ్లకి, ఒకటి నేరుగా రాయడానికి పెట్టండి. మూడు నెలలు అయ్యాక షీట్ తెరిచి ఒక్కో దారికి రెండు అంకెలు చూడండి, గంటకి ఎంత మిగిలింది, సగటు మార్కు ఎంత. రెండూ బాగున్న దారికి ఇంకో రెండు గంటలు కలపండి, రెండూ తక్కువున్న దాన్నుంచి ఆ రెండు తీసెయ్యండి. డబ్బు బాగుండి మార్కు తక్కువైతే, ఆ దారిని వదిలేముందు రేటు పెంచి చూడండి, అడ్వాన్స్ అడిగి చూడండి, ఎన్ని మార్పులు చేస్తారో ముందే రాసి చూడండి, చాలాసార్లు చిరాకు అక్కడే ఉంటుంది. మార్కు బాగుండి డబ్బు తక్కువైతే అలాంటివి నెలకి ఒకటి రెండు ఉంచుకోండి.

ఏదైనా దారి ఆపెయ్యాలనిపిస్తే మూడు నెలలపాటు మాత్రమే ఆపండి. ప్లాట్‌ఫామ్ ప్రొఫైల్ డిలీట్ చెయ్యొద్దు, ప్రపోజల్స్ వెయ్యడం ఆపి, కష్టపడి తెచ్చుకున్న రివ్యూలని అలాగే ఉంచండి, ఎవరైనా వాళ్లంతట వాళ్లే పిలిస్తే అప్పుడు మీ కొత్త రేటు చెప్పండి.